పదిహేడో పనిముట్టు

పదకొండింటికి కొనుగోలుదారు మనిషి పరీక్షకు వస్తాడనగా, తొమ్మిదింటికి నజ్‌నీన్‌కు సెట్‌టాప్ బాక్సులో పాత దొంగ ఒకడు దొరికాడు.

మేడ్చల్‌లోని ఆ చిన్న ఫ్యాక్టరీలో తయారయ్యేవి కేబుల్ టీవీ బాక్సులు. సర్కారు ఆదేశం ప్రకారం మార్చి దాటేలోగా నగరంలో ప్రతి ఇంటికీ ఒకటి ఉండాలి. నలభై వేల బాక్సుల ఆర్డరు ఈ ఒక్క పరీక్ష దగ్గర ఆగి ఉంది.

బాక్సు లోపల అరవై చిన్న ప్రోగ్రాములుంటాయి. ఫైలు తెరిచేదొకటి, గడియారం సరిచేసేదొకటి, అట్లా. ఫ్యాక్టరీలో వాటిని పనిముట్లంటారు.

అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికినవే. రాసినవాళ్ల షరతు ఒక్కటే. వీటిని పెట్టి సరుకు అమ్మితే, కొన్నవాడు అడిగినప్పుడు వాటి సోర్సు కోడు, అంటే లోపలి రాత మొత్తం, కూడా ఇవ్వాలి.

ఓనరు శ్రవణ్‌రెడ్డి అంతకుముందు శామీర్‌పేటలో ప్లాట్లు అమ్మినవాడు. "కొన్నోనికి పట్టా ఇస్తం గని, మనింటి బీరువ తాళం గూడ ఇస్తమా?" అన్నాడు.

కొనుగోలుదారుకూ ఆ షరతు గిట్టలేదు. అట్లాంటి పనిముట్టు ఒక్కటి కనిపించినా సరుకు వెనక్కి పంపుతానన్నాడు.

రెండు నెలలుగా నజ్‌నీన్ పని అదే. పాతది తీయడం, 'రాసినవాడి పేరు ఉంచండి చాలు, తక్కినది మీ ఇష్టం' అనే రకం కొత్తది పెట్టడం. పాతది ఒక్కటి మిగిలినా ఆమె కుర్చీ మిగలదని శ్రవణ్‌రెడ్డి నవ్వుతూనే చెప్పాడు.

ఇప్పుడు పదిహేడోది, గడియారం సరిచేసేది, నీ వివరాలేమిటని అడిగితే తెరమీద పాత షరతును నిక్షేపంగా చూపిస్తోంది.

ఆమె పక్క కుర్చీలోని ఉబేద్ వైపు అనుమానంగా చూసింది.

"నేను మార్చాల్నంటే ముందు పని జెయ్యాలె గద ఆపా," అన్నాడు ఉబేద్.

నమ్మదగ్గ సాక్ష్యమే.

ఫైలు మీద తేదీ చూసింది. శుక్రవారం మధ్యాహ్నం, టెస్టింగు గదిలోని కంప్యూటరు.

ఆ గదిలో ఉండేది గౌరయ్య ఒక్కడే. మచ్చ బొల్లారం నుంచి కాంట్రాక్టు మీద వచ్చే పెద్దమనిషి. కొత్త బాక్సులు మూడు రోజులు ఆగకుండా నడుస్తుంటే, ఎదురుగా కూర్చుని టీవీ చూడటమే ఆయన ఉద్యోగం. ఇంట్లో రిమోట్ భార్య చేతిలో ఉంటుందని, అందుకే ఇక్కడ చేరానని చెప్పుకునేవాడు. ఉబేద్ ఆయనకు సీరియల్ తాత అని పేరు పెట్టాడు.

ఆయన రెండుసార్లు నజ్‌నీన్ దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం రెండింటికొచ్చే సీరియల్ రికార్డు చెయ్యమంటే బాక్సు రెండున్నరకొచ్చేది చేస్తోందని ఫిర్యాదు చేశాడు. మధ్యలో కునుకు తీసుంటాడనుకుని నవ్వేసింది.

మనుషుల్ని తగ్గించాలి, ఎవరిని తీసేద్దామని శనివారం ఓనరు అడిగితే ఆయన పేరు చెప్పింది కూడా ఆమే.

పాతది పీకేసి, తన బల్ల మీది బాక్సులో కొత్తది పెట్టి చూసింది. గోడ గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. బాక్సు ఎనిమిదీ ముప్పావు దగ్గరే ఉంది.

గౌరయ్య రెండున్నర ఫిర్యాదు గుర్తొచ్చింది.

శాటిలైటు నుంచి వచ్చే గ్రీనిచ్ టైముకు మన దేశంలో ఐదున్నర గంటలు కలపాలి. కొత్త పనిముట్టు రాసినవాడికి అరగంటల సంగతి తెలియదు. ఐదు కలిపి చేతులు దులుపుకుంది అతని పనిముట్టు.

సరిచేయడం పెద్ద పని కాదు. కానీ పరీక్షకు పేర్చిన రెండువందల బాక్సుల్లోనూ పాతదే ఉంది. మళ్లీ నింపాలంటే రోజంతా పడుతుంది. ఆమెకున్నది గంటా ముప్పావు.

తీసేసిన మనిషికి ఫోన్ చేసింది.

వెనక టీవీ గట్టిగా మోగుతోంది. ఉద్యోగం పోయినందుకు గౌరయ్య ఒక్క మాటా అనలేదు. అన్నం తిన్నవా అని అడిగాడు.

"అంకుల్, గడియారం పనిముట్టు మార్చింది మీరేనా?"

"నేనే మార్చిన బిడ్డా. రెండుసార్లు జెప్పిన, మీరు నవ్విండ్రు. తప్పు టైము జూపే డబ్బాలు జనం ఇండ్లకు పోతాంటె సూస్త కూసోబుద్ధి గాలె."

షరతు సంగతి, పదకొండింటి సంగతి, తన కుర్చీ సంగతి ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది.

"గింత దానికే పరేషాన్ ఎందుకు? నీ బాక్సులకు ఆ షరతు లేదని గిప్పుడే మెయిల్ రాసిస్త. వాళ్లకు జూపెట్టు."

"మీరు రాసిస్తే ఎట్ల చెల్లుతది అంకుల్?"

"చెల్లక ఏంది బిడ్డా," అన్నాడు గౌరయ్య, "పదిహేనేండ్ల కింద మొదటి అక్షరం కాంచి ఆఖరి దాక ఆ పనిముట్టు రాసింది నేను, ఆ షరతు పెట్టింది గూడ నేనే."