పలక మీద తడి

"నిన్నా తడే, ఇవాళా తడే. గుడ్డ పిండకుండా తుడుస్తున్నావు, అంతేనా?" అన్నారు భీమేశ్వరరావు గారు, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

"లేదు సార్. పొడిగుడ్డతోనే తుడుస్త," అంది గదులు ఊడ్చే అంజమ్మ గుమ్మం దగ్గర నిలబడి.

రావుగారు ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులు తిరగేసి రిటైరైన మనిషి. ఎంత లావు ఫైలైనా ఆయన చేతిలో ఇట్టే అయిపోతుంది. కాకపోతే ఆయన చూసిన కాగితం మూలలు నలిగి వస్తాయని ఆయన ఇప్పుడు మేనేజరుగా చేరిన, హైటెక్ సిటీలోని ఈ కొత్త ఆఫీసులో చెప్పుకుంటారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని కుర్రాళ్లంతా తలలు పట్టుకుంటుంటే, ఆయన మాత్రం ఒక కన్ను ఫైలు మీద, ఒక కన్ను తెర మీద పెట్టి ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నారు.

సర్వీసు ఇంజినీరు ఫిలిప్ రావడం ఇది నాలుగోసారి.

"పక్కన అంకెల మీటలు హాయిగా ఉండేవి, ఎత్తేశారు. డిలీట్ మీటను ఓ మూల దాచారు. మౌస్ పీకేసి అగ్గిపెట్టెంత పలక పెట్టారు. ఎవరయ్యా మిమ్మల్ని మార్చమని అడిగింది?" అన్నారు రావుగారు.

"మీటలు అలవాటవుతాయండి. ఈ పలకకే, తడంటే పడదు. కాస్త తగిలినా తెర మీద బాణం గెంతులేస్తుంది." ఫిలిప్ పలకను రుమాలుతో తుడిచి వేలు పెట్టాడు. బాణం బుద్ధిగా కదిలింది.

"నువ్వున్నంతసేపూ బాగానే ఉంటుంది. వెళ్లగానే మొదలు," అంటూ రావుగారు అంజమ్మ వైపు చూశారు.

అంజమ్మకు భయం వేసింది. పుప్పాలగూడలో పొలం పనులు తగ్గిపోయాక దొరికిన నీడపట్టు పని ఇది. పోతే మళ్లీ ఎండలో ఇటుకలు మోయాల్సిందే.

"రేపు మీ బల్లనే ముట్ట సార్. అప్పుడు చూడుండ్రి," అంది.

మర్నాడు ఆమె ఆ గదిలో అడుగు పెట్టలేదు. పదకొండింటికి లోపలి నుంచి కేక వినిపించింది. ఏమవుతుందో చూద్దామని ఆ రోజూ వచ్చి బయట కూర్చున్న ఫిలిప్ పరుగెత్తుకొచ్చి చూస్తే పలక మధ్యలో బొట్టంత తడి మెరుస్తోంది.

"నేను రాకముందే దొంగతనంగా తుడిచి పోయావు," అన్నారు రావుగారు.

"నా బిడ్డ మీద ఒట్టు సార్. ఈ దిక్కే రాలే."

"మరి ఏసీ గదిలో పలకకు చెమట పట్టిందా?"

ఫిలిప్ పైకప్పు చూశాడు. పొడిగా ఉంది. బల్ల మీద మంచినీళ్ల గ్లాసు కూడా లేదు.

రావుగారు హౌస్‌కీపింగ్ హాజరు పుస్తకం ముందుకు లాక్కుని, ఎర్రసిరా పెన్ను మూత తీశారు.

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు ఫిలిప్.

"నెలరోజులు ఆగాను. నీ పేరు ఎన్నో పేజీలో ఉంది?"

"ఎనిమిదో పేజీల సార్," అంది అంజమ్మ.

ఆయన పుస్తకం తెరిచారు. ఇద్దరూ ఆయన చేతినే చూస్తున్నారు.

పేజీ తిప్పడానికి రావుగారు చూపుడువేలిని నాలుకకు అద్దుకున్నారు.