జడల పిన్ని

"ఏమ్మా, నీ జడ అయ్యేలోపు పడవ వెళ్ళిపోయింది. ఇప్పుడు మా గతేంటి?"

రేవు పక్కనున్న గది గుమ్మంలో నిలబడి ఒకాయన చిందులు తొక్కుతున్నాడు.

లోపల బల్ల మీద పద్నాలుగేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఆమె వెనుక నడివయసు ఆడమనిషి, చేతిలో దువ్వెన.

"చిక్కులు పడ్డాయి నాయనా. లాగితే పిల్లకి నొప్పి కదా," అంది ఆవిడ తాపీగా.

ఆయన నది వంక చూశాడు. మూలన కూర్చుని రాసుకుంటున్న గుమాస్తా వంక చూశాడు. గొణుక్కుంటూ పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

గుమాస్తా మునిసిపాలిటీ నుంచి వచ్చింది. మాయమాటలు చెప్పి ఆడపిల్లల్ని పడవెక్కించి అమ్మేసే వాళ్ళను ఆపడానికని మునిసిపాలిటీ ఏటా ఈ గదికి డబ్బిస్తోంది. ఇకముందు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె రాసే కాగితం మీద ఉంది.

"ఆవిడెవరు?" గుమ్మం పక్కన పడవ టికెట్లు ఇస్తున్న టికెట్లాయన్ని అడిగింది.

"జడల పిన్ని అంటాం మేడమ్. జీతం గీతం ఏం లేదు. పొద్దున్నే వచ్చేస్తుంది. బెరుగ్గా కనబడ్డ పిల్లనల్లా కూర్చోబెట్టి జడ వేస్తుంది. ఒక్కో జడకి గంట. పడవ తప్పిందని జనం నా ప్రాణం తోడేస్తారు."

గుమాస్తా రిజిస్టరు తిప్పింది. రెండేళ్ళుగా కేసులు సున్నా.

"నువ్వూ రా అమ్మాయీ, జుట్టంతా రేగిపోయింది," పిలిచింది పిన్ని.

మొహమాటపడుతూనే వెళ్ళి కూర్చుంది. వేళ్ళు మెత్తగా జుట్టులో కదిలాయి. కిటికీ అవతల నదీ లేదు, ఒడ్డూ లేదు, అంతా తెల్లగా ఉంది. నీళ్ళ చప్పుడుకు కళ్ళు మూతలు పడ్డాయి. గది మెల్లగా తేలిపోతున్నట్టనిపించింది.

"ఎక్కడికమ్మా ప్రయాణం? ఎవరు రమ్మన్నారు? అక్కడ నీకు తెలిసిన వాళ్ళున్నారా?"

ఆ గొంతు ఎంతో దూరం నుంచి వస్తున్నట్టుంది.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు పిన్నీ," అంది నిద్రమత్తులో.

"మంచిదమ్మా."

అమ్మ పోయాక ఎవరూ తన తల దువ్వలేదని ఆమెకు గుర్తొచ్చింది.

ఆఫీసుకు వెళ్ళి కాగితం రాసింది. 'కేసులు లేవు. గది అవసరం లేదు. సంబంధం లేని వ్యక్తి ఒకరు ప్రయాణికులకు ఇబ్బంది కలిగిస్తున్నారు.'

మనసు కాస్త పీకింది. ఉన్నదున్నట్టు రాయడమేగా తన ఉద్యోగం అని సర్దిచెప్పుకుంది.

పై నెల నుంచి డబ్బు ఆగిపోయింది. గదికి తాళం పడింది.

మూడు నెలల తర్వాత టికెట్లాయన ఆఫీసుకు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఐదుగురు ఆడపిల్లలు మేడమ్. పడవెక్కిన వాళ్ళు ఎక్కినట్టే పోయారు."

"పిన్ని ఉందిగా?"

"గది లేకపోతే ఏం చేస్తుంది? నడిరేవులో జడేస్తానంటే ఎవరాగుతారు? ఈ పిల్లలు పోయేదాకా నాకూ తెలీలేదు. చిక్కులు తీస్తూ పిల్ల చేత అంతా చెప్పించేది. పడవ తప్పించేది. పిల్లని తీసుకొచ్చినవాడు జారుకునేవాడు. పిల్లని ఇంటికి పంపేసేది. ఇంక కేసెక్కడిది?"

గుమాస్తాకు ఆ రిజిస్టరు గుర్తొచ్చింది. తను సున్నా చూసి పని లేదనుకుంది. ఆ సున్నాయే ఆవిడ పని.

"ఇప్పుడెక్కడుంది?"

"సోమవారం ఒకడు ఓ పిల్లని ఎక్కించేశాడు. ఆపలేక పిన్ని కూడా ఎక్కేసింది. నిన్న పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది. 'నన్ను పరిగెత్తమని, పిన్ని వాణ్ణి పట్టుకుని ఉండిపోయింది' అంటోంది. పోలీసులు వెతుకుతున్నారు. జాడ లేదు."

గది మళ్ళీ తెరిపించాలి. అందుకు డబ్బు అసలు ఎందుకు మంజూరైందో మునిసిపాలిటీ సభ ముందు పెట్టాలి. గుమాస్తా అప్పటికప్పుడే రికార్డు రూముకు పరుగెత్తింది. కిటికీ వెలుగులో దుమ్ము నిదానంగా తేలుతోంది. కలలో నడుస్తున్నట్టు బీరువాలన్నీ దాటుకుంటూ వెళ్ళింది.

పాత కట్టలో అన్నిటికన్నా అడుగున ఇరవై ఏళ్ళ నాటి అర్జీ దొరికింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

'అయ్యా, పదమూడో ఏట నన్ను ఈ రేవులోనే పడవెక్కించి అమ్మేశారు. పదేళ్ళకు బతికి వచ్చాను. నాకు జీతం వద్దు, రేవులో ఒక గది ఇప్పించండి చాలు. ఆ రోజు ఒక్క జడ వేసినంత సేపు నన్నెవరైనా ఆపి ఉంటే, మా అమ్మ వెతుక్కుంటూ వచ్చేసేది.'