ఉప్పు తాగిన ఇంజను

ముందు వ్యాను అద్దం పగిలింది. ఆ తరువాత నతానియేలు పన్ను ఊడింది. ఈ రెండింటికీ మధ్య వీరబాబు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అమలాపురం నల్లవంతెన దగ్గర, సత్తియ్య మెకానిక్ షెడ్డు ముందు జరిగిందిది. ఊరూరా తిరిగి సువార్త చెప్పుకునే నతానియేలుకూ, భార్య విజయకుమారికీ ఆ పాత డీజిల్ వ్యానే ఇల్లు. వంటా పడకా హార్మోనియం పెట్టే అన్నీ అందులోనే. ఇంజను లేక మూడేళ్ళుగా కొబ్బరితోటలో పడివున్న ఆ బండికి నిన్ననే సత్తియ్య ఒక సెకండ్ హ్యాండ్ ఇంజను బిగించాడు. ఈ రోజు స్టార్టు చేసి, అది ఎన్నాళ్ళు లాగుతుందో చెవి పెట్టి వింటున్నాడు. ఆ చప్పుడే రోడ్డు మీద పోతున్న వీరబాబు చెవిలోనూ పడింది. మోటారు సైకిలు దిగి, షెడ్డులో ఉన్న ఇనుప రాడ్డు అందుకున్నాడు.

“నా ఇంజను,” అన్నాడు అప్పుడు, నతానియేలు మెడ పట్టి వ్యాను బంపరుకేసి మోది. “నెల్లాళ్ళ కిందట ఐ.పోలవరంలో నా రొయ్యల చెరువు గట్టు మీంచి ఎత్తుకుపోయేరు. నీళ్ళు తోడే దిక్కులేక తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలింది. నిద్రపోయిన కాపలావాడి కాలు ఆవేళే విరిచేను. నువ్వు మిగిలేవు.”

“నేను తియ్యలేదండి. తాటిపాకలో పాత ఇనప సామాన్ల కొట్లో కొన్నానండి,” అన్నాడు నతానియేలు నెత్తురు మింగుతూ.

“వీరబాబు గారూ, చప్పుడు విని మనిషిని చంపేత్తారేంటండీ,” అని సత్తియ్య అడ్డం వచ్చాడు. చెంప పగిలేలా ఒకటి తిన్నాడు.

“అయితే నువ్వే తేల్చు. నాదవునో కాదో.”

సత్తియ్య చెంప తడుముకుంటూ ఇంజను ఆపి, కింద నీళ్ళు వదిలే బోల్టు విప్పాడు. ఎర్రటి తుప్పు నీళ్ళతో పాటు తెల్లటి పెచ్చులు రాలాయి. ఒక పెచ్చు నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

“ఉప్పండి. చెరువు మీద పనిచేసిన ఇంజనే ఇది. ఉప్పునీళ్ళు తాగి తాగి లోపలంతా తినేసింది. అయినా చిత్రమండీ, నిన్న బిగిస్తే ఏ మార్పూ చెయ్యక్కర్లేకుండా, పుట్టింటికొచ్చినట్టు కూర్చుంది.”

“నీ కబుర్లు తరవాత. నంబరు చూడు. రోజూ పసుపు రాసి దండం పెట్టుకున్న ఇంజను, నంబరు నోటికొచ్చు నాకు. ఏడు, మూడు, నాలుగు, సున్నా, ఎనిమిది.”

ఇంజనుకి ఎవరో మందంగా ఆకుపచ్చ రంగు పూశారు. సత్తియ్య స్క్రూ డ్రైవరుతో గీకుతూ ఒక్కో అంకే చదివాడు. ఏడు. మూడు. నాలుగు. సున్నా. చివరి అంకె చదవడానికి కాసేపు తటపటాయించాడు.

“ఆయ్. ఎనిమిదేనండి.”

అంతవరకూ వీరబాబు కాళ్ళ మీద పడి ఏడుస్తున్న విజయకుమారి ఏడుపు ఆపి, ఆ అంకెలు మళ్ళీ తనలో తాను చెప్పుకుంది.

“చెయ్యి చాపు,” అన్నాడు వీరబాబు.

“ఇంజను పట్టుకుపోండి బాబూ. దొంగసొత్తని తెలీక కొన్నానండి,” అన్నాడు నతానియేలు.

“తెలీదంటే కుదరదు. కొనేవాడున్నాడనే కదా దొంగ బయల్దేరేది. నా దగ్గర తీసినోడికీ, కొన్నోడికీ ఒకటే శిక్ష. చాపు.”

షెడ్డు ముందు జనం బాగానే పోగయ్యారు. ఒక్కడూ ముందుకు రాలేదు, ఇస్త్రీ చొక్కాలు నలుగుతాయని కాబోలు. వీరబాబు నతానియేలు కుడిచెయ్యి గుంజి బంపరు మీద ఆనించాడు. రాడ్డు దిగింది. హార్మోనియం మీద ఆడే వేళ్ళు పుల్లల్లా విరిగాయి. నతానియేలు కేక వంతెన అవతలికి వినిపించింది. చూస్తూ నిలబడ్డవాళ్ళకి ఆ రాత్రి అన్నం ఎలా సహించిందో వాళ్ళకే తెలియాలి.

“ఇంక రెండోది,” అన్నాడు వీరబాబు.

“ఒక్క నిమిషం ఆగండి,” అంది విజయకుమారి.

ఆమె లేచి వ్యానెక్కింది. కట్టు కట్టడానికి గుడ్డ కోసం వెళ్ళిందనుకున్నారు అందరూ. డ్రైవరు సీటు పక్కన రేకుకి అంటించి ఉన్న తొంభై ఆరు నాటి బైబిలు వాక్యాల క్యాలెండరుని పరపరా చింపేసింది. దాని వెనక, వ్యాను తయారైన రోజున కంపెనీవాళ్ళు బిగించిన చిన్న ఇనుప బిళ్ళ ఉంది.

“సత్తియ్య గారూ, ఇది కూడా చదవండి. గట్టిగా చదవండి.”

సత్తియ్య తల లోపలికి పెట్టి, బిళ్ళ మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

“ఈ వ్యానుతో పుట్టిన ఇంజను నంబరండి ఇది. ఏడు… మూడు… నాలుగు…” బిళ్ళని మరోసారి తుడిచి చూశాడు. “సున్నా. ఎనిమిది.”



“మూడేళ్ళ కిందట కొబ్బరితోటలో మేం లేనప్పుడు మా ఇంజను దొంగలు విప్పుకుపోయేరండి,” అంటూ విజయకుమారి వ్యాను దిగింది. “ఈ నంబరు పోలీసులకి ఎన్నిసార్లు చెప్పేనో. తమరెక్కడ కొన్నారండీ?”

వీరబాబు ఒకసారి బిళ్ళకేసి, ఒకసారి ఇంజనుకేసి చూశాడు. రాడ్డు చేతిలోంచి జారి కిందపడింది.

“తాటిపాకలో… ఆ ఇనప సామాన్ల కొట్లోనే. దొంగదని నాకు తెలీదమ్మా.”

విజయకుమారి వంగి రాడ్డు తీసుకుంది.

“ఆయ్,” అంది. “చెయ్యి చాపండి.”