నాలుగో ఇల్లు

భగవంతుడు అందరి లెక్కలూ చూస్తాడంటారు. అక్కచెల్లెళ్ళ ఇంటి తగాదాలు కూడా ఆయన దాకా వెళ్తాయా, లేక మీరే తేల్చుకోండని వదిలేస్తాడా అన్నది ఏళ్ళ తరబడి నాకున్న సందేహం.

ఆ రోజు మాత్రం తగాదా టైలరు దాకా వెళ్ళింది. వీధిలో తెరిచి ఉన్న కొట్టు అతనిదొక్కటే.

అక్కకు డెబ్బై దాటాయి. వచ్చే వారం మోకాలి ఆపరేషన్. ఈలోగానే ఇంటి సంగతి తేలిపోవాలని చెల్లి పట్టుబట్టింది.

"మొదటి మూడిళ్ళూ అక్కవే బాబూ," అంది చెల్లి. "ఈ నాలుగోదీ తనదేనంటే నేనెక్కడ కాలు పెట్టుకోను?"

"దక్కించుకున్నాను, నాది. చేతకానివాళ్ళే ఏడుస్తారు," అంది అక్క.

"చేతకాకా? తీరా నా వంతు వచ్చేసరికి అమ్మ పిలుస్తోందని జారుకున్నావు. ఇన్నేళ్ళూ వంతు ఎగ్గొట్టి, పైగా నన్నంటావా?"

"అమ్మ నిజంగానే పిలిచిందే."

"ఆ రోజు అమ్మ ఊళ్ళోనే లేదు."

అక్క ఆకాశం వైపు చూసింది. అక్కడేమీ లేదు.

టైలరు మెడలోని టేపు తీసి సరిహద్దు కొలిచాడు. తల గోక్కున్నాడు. "పెద్దమ్మగారూ, మీ ఇల్లు కాస్త పిన్నిగారి వైపు జరిగిందండి."

"జాకెట్టు కొలతలే సరిగ్గా తీయలేవు. నువ్వు నా ఇల్లు కొలుస్తావా?"

"ఇంటి మాటెత్తితే చాలు, ఇద్దరూ ఒంటికాలి మీద లేస్తారేంటండీ," అని టైలరు నీళ్ళు తాగాడు. "ఒకరింట్లో ఇంకొకరు కాలు పెట్టకూడదు, నిజమే. ఆ చట్టం ఏ రాజు రాశాడో తెలీదు, ఏ రాజూ మార్చలేదు. కానీ ఎవరి వంతు వాళ్ళకివ్వాలన్నదీ అందులోదేనండి."

అక్క మోకాలు తడుముకుంది. ఆపరేషన్ గుర్తొచ్చిందో, అమ్మే గుర్తొచ్చిందో.

"సరే, నీ వంతు నువ్వు తీసుకోవే. ఇక నా ప్రాణం తినకు," అని పక్కకు జరిగింది.

చెల్లి చెప్పులు విడిచి, కళ్ళజోడు టైలరు చేతికిచ్చి, అరవై ఏళ్ళుగా రావాల్సిన ఆ వంతు ఆడటానికి ఎడమకాలు మడిచి, వీధిలో సుద్దముక్కతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళలోకి గెంతింది.