ముఖం లేని ఫ్లెక్సీ

తెల్లారేసరికి మెట్‌పల్లి చౌరస్తాలో ఫ్లెక్సీ ఉంది కానీ, అందులో సృజన ముఖం లేదు.

పట్టుచీర ఉంది. వడ్డాణం ఉంది. ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అన్న బంగారు రంగు అక్షరాలున్నాయి. మూలకు చేతులు జోడించిన మేనమామ పరశురాములూ ఉన్నాడు. బిడ్డ ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఎవరో గుండ్రంగా కోసేశారు. ఆ సందులోంచి కరెంటు తీగలు కనిపిస్తున్నాయి.

సృజన తల్లి కోమల తమ్ముడి చేయి పట్టుకుని ఆ సందు చూపించింది.

“ఆడపిల్ల మొకం కోసుకపోయిండ్రంటే దేనికి తమ్మీ? బాణామతి చేయనీకే!”

“ఫికర్ జేయకక్కా. ఎవడో గిప్పుడే తేలుస్త” అన్నాడు పరశురాములు.

పన్నెండేళ్ల బిడ్డ పెద్దమనిషి అయినప్పటి నుంచి కోమలకు అన్నీ భయాలే. ఎండుకొబ్బరి కుడుకలు పెట్టింది, నువ్వుల ముద్దలు పెట్టింది, పూటపూటకూ దిష్టి తీసింది. ఆ రోజులు గడిచేదాకా గడప దాటనియ్యలేదు, తర్వాతే మళ్లీ బడికి పంపింది. మస్కట్‌లో ఉన్న భర్తకు వీడియో కాల్‌లో ఫంక్షన్ చీర చూపించి మురిసిపోయింది. ఆ రక్తం ఏమిటో, ఎందుకొస్తుందో మాత్రం బిడ్డకు చెప్పలేదు. తనకూ ఎవరూ చెప్పలేదు.

దొంగ తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. చాయ్ బండి శంకరవ్వ చూసిందట.

“గా పంచర్ ముసలాయన నిచ్చెన ఎక్కిండు. ఫ్లెక్సీ ఊసిపోతే కడుతుండేమో అనుకున్న.”

పంచర్ ముసలాయన నిరుడు కాగజ్‌నగర్ దిక్కు నుంచి ఒక్కడే వచ్చాడు. చౌరస్తా గోడ పక్కన పంపు, నీళ్ల టబ్బు పెట్టుకుని కూర్చుంటాడు. బడి పిల్లల సైకిళ్లకు పైసలు తీసుకోకుండా గాలి కొడతాడు.

“ఊకెనే గాలెందుకు గొడుతుండో గిప్పుడు సమజైంది” అన్నారెవరో గుంపులోంచి.

పరశురాములు ముసలాయన కాలర్ పట్టుకుని లేపాడు.

“ఫొటో ఏది?”

ముసలాయన చేతిలోని ట్యూబు జారి టబ్బులో పడింది.

“చిన్నపోరి మొకంతోని నీకేం పనిరా?”

చెంప మీద దెబ్బ పడింది. పానాల డబ్బా బోర్లించారు. పానాలు, రబ్బరు ముక్కలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఫొటో దొరకలేదు.

“కాలవెట్టినవా? పాతిపెట్టినవా?”

కోమల ముందుకొచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే వదలడానికి భయపడి సృజననూ వెంట తెచ్చుకుంది. బిడ్డ ఆమె వెనకే, కొంగు పట్టుకుని నిలబడింది.

“నీ కాళ్లు మొక్కుత తాతా. నా బిడ్డకేం జేసినవో చెప్పు.”

ముసలాయన తలెత్తి ఆమె వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“చేసినోడు చేసిన అంటడా?” అంది శంకరవ్వ.

ఇంకో దెబ్బ పడింది. పెదవి చిట్లింది. ముసలాయన మళ్లీ అటే చూసి, మళ్లీ తల అడ్డంగా ఊపాడు. ఈసారి కాస్త గట్టిగా.

సాయంత్రానికి గోడ పక్కన పంపు లేదు, టబ్బు లేదు. పరశురాములు కొత్త ఫ్లెక్సీ తెచ్చి కట్టాడు. మొదటిదానికన్నా పెద్దది.

ఫంక్షన్ ఘనంగా జరిగింది. “జర నవ్వు బిడ్డా” అని ఫొటోలు తీసేవాడు బతిమాలాడు. సృజన నవ్వలేదు.

తర్వాత ఆ పిల్ల బడికి నడిచి పోవడం మొదలుపెట్టింది. అదీ చౌరస్తా మీదుగా కాదు, వెనక గల్లీల్లోంచి. సైకిల్ ఇంటి గోడకు ఆనించి ఉంది. రెండు చక్రాల్లోనూ గాలి లేదు.

కోమలకు మళ్లీ పరేషాన్ మొదలైంది. గల్లీలో ఎవడన్నా పోరగాడు వెంట పడుతున్నాడా? ఉత్తరాలేమన్నా నడుస్తున్నాయా?

బిడ్డ స్నానానికి పోగానే బడి సంచి వెతికింది. పుస్తకాల అడుగున చుట్ట చుట్టిన ఫ్లెక్సీ ముక్క తగిలింది. విప్పింది.

సృజన ముఖం.

“గిదెక్కడిదే?”

తడి జుట్టుతో వచ్చిన సృజన గుమ్మంలోనే ఆగిపోయింది.

“తాత ఇచ్చిండు. కోసిన పొద్దుగాల్నే ఇచ్చిండు.”

“నీకెందుకిచ్చిండు?”

“నేనే తీసెయ్యమన్న.”

కోమల చేతిలోని ముక్కనూ, బిడ్డనూ మార్చి మార్చి చూసింది.

“పోరగాండ్లు దానికింద నిలబడి సెల్‌ఫోన్ల ఫొటోలు దీసిండ్రవ్వా. నేను క్లాసుల అడుగు వెడితే ‘పెద్దమనిషొచ్చింది, అందరు లేవుండ్రి’ అని ఒర్రుతుండ్రు.”

“నాకు చెప్పకపోతివి?”

“చెప్పిన గదా. ‘ఊకో, మామ ముచ్చటపడి పెట్టిండు’ అన్నవ్. మామకు చెప్తే నవ్విండు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు తాతనే అడిగిండు, ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా అని. ‘మొత్తం ఇప్పితే లొల్లైతది, నీ మొకం మట్టుకు నీకిస్త’ అన్నడు.”

కోమల బిడ్డ చేయి పట్టుకుని చౌరస్తాకు పరుగెత్తింది.

“ఎటు పోయిండో నాకేమెరుక?” అంది శంకరవ్వ చాయ్ వడబోస్తూ. “పేరు గూడ ఎవరడిగిండ్రు? పంచర్ తాత అనే అంటుంటిమి.”

గోడ పక్కన టబ్బు పెట్టిన చోట గుండ్రటి మరక మాత్రం మిగిలింది. పైన కొత్త ఫ్లెక్సీలో సృజన ఇంకా నవ్వుతూనే ఉంది.

కోమల ఆ మరక దగ్గరే కూలబడింది.

“ఆనాడు నా ఎనకనే ఉంటివి గదనే. ఆయన్ని గట్ల కొడుతుంటే ఒక్క మాట నోరు తెరిచి చెప్పకపోతివి?”

సృజన గోడ వైపే చూస్తోంది.

“తెరిచిన అవ్వా, రెండుసార్లు. రెండుసార్లు తాత నా దిక్కు జూసి, వద్దని తలూపిండు.”