ఇంటి మాటల పరీక్ష

“ఈ పరీక్ష తప్పావంటే రేపు కొండ దిగాల్సిందే. కాస్త చదువుకోవే తల్లీ,” అంటూ నానమ్మ విద్యార్థిని చేతిలోని ఉల్లిపాయను లాగేసుకున్నది.

ఆ వృద్ధురాలు ఆమెకు సొంత నానమ్మ కాదు. విదేశీ విద్యా పథకం కింద ఆమెకు ఆశ్రయమిచ్చిన ఇంటికి పెద్దదిక్కు. పథకం నియమం స్పష్టంగా ఉన్నది. కళాశాలలో పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగుతాయి. ఆ కొండల భాషను మాత్రం ఆశ్రయమిచ్చిన కుటుంబంతో మాట్లాడి నేర్చుకోవాలి. నాలుగు నెలలు నిండిన రోజున పరీక్షాధికారిణి స్వయంగా ఇంటికి వస్తుంది. నెగ్గితే ఏడాది చివరి వరకు ఈ ఇల్లే. తప్పితే లోయలోని వసతిగృహం.

“చదవడానికేముంది నానమ్మా? రోజూ వాగుతూనే ఉన్నాంగా.”

ఆమె ధీమాకు కారణం లేకపోలేదు. మొదటి నెల సైగలతో గడిచింది. పిదప ఒక్కొక్క మాటా బెరుకుబెరుకుగా గడప దాటి వచ్చింది. ఆ తరువాత ఏం జరిగిందో ఆమెకే తెలియదు. కిటికీలోంచి పొగమంచు జొరబడినంత మెత్తగా, ఇల్లంతా మాటలతో నిండిపోయింది. పొద్దున్నే, కళ్లు పూర్తిగా తెరవకముందే, గడియారాలు బాగుచేసే బాబాయి సణుగుడూ, కుట్టుమిషను ముందునుంచి పిన్ని విసిరే చురకలూ ఆమెకు హాయిగా అర్థమయ్యేవి. మాట కోసం వెతుక్కోవలసిన పనే ఉండేది కాదు. మొన్న కలలోనైతే, కన్నతల్లీ ఈ నానమ్మా మబ్బుల మీద పీటలు వేసుకుని కూర్చొని, తన బద్ధకం గురించి తనివితీరా చెప్పుకున్నారు.

పరీక్షాధికారిణి రానే వచ్చింది. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. మూలన కుర్చీ వేసుకుని, ఒడిలో పుస్తకం తెరిచి, తాను అక్కడ లేనట్టే రోజూలాగా మాట్లాడుకొమ్మని విద్యార్థినికి ఇంగ్లీషులో చెప్పింది.

బయట మంచు కమ్మేసింది. పట్టపగలే దీపం వెలిగించిన ఆ గది, ఏ తీరానికీ కట్టని పడవలా తేలుతున్నట్లున్నది. బాబాయి కంటికి భూతద్దం బిగించుకుని, ఈ గడియారం ఎంత తిప్పినా వెనకబడుతోందని విసుక్కున్నాడు. యజమాని పోలికే వచ్చిందని పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ అన్నది. విద్యార్థిని నవ్వింది గాని, ఆ నవ్వు చివరివరకూ నిలవలేదు.

“నా దగ్గర దాచకు,” అన్నది నానమ్మ. “నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని. భయపడుతున్నావు కదూ?”

“భయం కాదు, బెంగ. నేను వెళ్లిపోతే పొద్దున్నే ఎవర్ని తిడతావోనని.”

“మీ బాబాయి లేడూ?” అన్నదే గాని, నానమ్మ చేతిలోని గరిట ఆగిపోయింది. “వాణ్ని తిడితే గోడకి చెప్పినట్టే. నువ్వయితే తిరిగి ఓ మాటంటావు.”

పిన్ని కుడుతున్న గుడ్డ అంచుతోనే కళ్లు ఒత్తుకున్నది. బాబాయి భూతద్దం తీసి, అవసరం లేకపోయినా తుడవసాగాడు. ఇంతకన్నా బాగా ఎవరు మాట్లాడగలరని విద్యార్థిని సగర్వంగా మూలకు చూసింది.

అరగంట గడిచినా పరీక్షాధికారిణి పుస్తకంలో ఒక్క అక్షరమూ పడలేదు. ఆమె కలానికి మూత పెట్టి, నలుగురినీ ఒక్కొక్కరిగా చూసి, విద్యార్థిని వైపు తిరిగి మెల్లగా ఇంగ్లీషులో అన్నది:

“మిమ్మల్ని చూస్తుంటే ముచ్చటగా ఉంది. కాని నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఇంతకీ, మీ భాషను ఈ ఇంటిల్లిపాదికీ ఎవరు నేర్పారు?”