రెండు పాటల గురువారం

“మీ పాటకి మా వాళ్ళు టోపీలు తీయలేదని ఏడుస్తున్నారు సరే, మరి మా పాటకి మీరు కుర్చీల్లోంచి లేచారా?” అంటూ వాల్‌బుర్గా ప్లమ్ పళ్ళ కేకు ముక్కొకటి ఎకార్ట్ పళ్ళెంలోకి తోసింది.

“అదీ ఒక పాటేనా! పడవవాళ్ళ కూనిరాగం,” అన్నాడు ఎకార్ట్ నోటినిండా కేకుతో.

ఎకార్ట్ కొండమీది ఊళ్ళో చర్చి ఆర్గన్ వాయిస్తాడు, అక్కడి గాయక బృందానికి పెద్ద. వాల్‌బుర్గా ఏటి ఒడ్డు ఊరి బృందానికి పెద్ద. ఎల్స్‌గౌ ప్రాంతానికి అసలు గీతం కొండ పాటా, ఏటి పాటా అని తేల్చడానికి ఇద్దరూ పదకొండేళ్ళుగా ప్రతి గురువారం కొండమీది ఈ హోటల్లో కూర్చుంటున్నారు. తేలింది మాత్రం ఏమీ లేదు. మంచు మోకాళ్ళదాకా పడ్డా ఆమె బస్సెక్కి కేకుతో దిగాల్సిందే.

రెండూళ్ళకీ మేయరైన లోరెంజ్ బీరు గ్లాసుతో వచ్చి కూలబడ్డాడు.

“జర్మనీలో అందరికీ ఒక్కో పాట, మన ఖర్మకొద్దీ రెండు! ఇంక నావల్ల కాదు. వచ్చే గురువారం మధ్యాహ్నం లోపు పాత రుజువేదైనా ఉంటే తెండి. ఆ పాటే బళ్ళలో నేర్పిస్తాం. లేదంటే మీ తగువు మీరే పడండి.”

“తేలిపోతే పీడా పోతుంది. గురువారాలు తోటపని చూసుకుంటాను,” అంది వాల్‌బుర్గా.

“నాకు మాత్రం పనుల్లేవా?” అన్నాడు ఎకార్ట్.

ఆదివారం ప్రార్థన అయ్యాక, ఒక గొట్టం పలకడం లేదని ఎకార్ట్ ఆర్గన్ వెనక చెక్క తలుపు విప్పాడు. లోపల మడిచిన కాగితం ఒకటి ఇరుక్కుని ఉంది. 1893 నాటి పెద్దల తీర్మానం. ఎల్స్‌గౌ గీతం ఏదో ఒక్క వాక్యంలో తేల్చేసి, కింద రెండూళ్ళ ముద్రలూ వేశారు. ఎకార్ట్ ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలేం మారలేదు.

నాలుగు రోజులు తిండి సయించలేదు. చించేద్దామంటే చేతులు రాలేదు. గురువారం పొద్దున్నే వెళ్ళి కాగితాన్ని దొరికిన చోటే పెట్టేసి, తలుపుకి స్క్రూలు గట్టిగా బిగించాడు. ఈ వయసులో దొంగపని చేశానని తనమీద తనకే సిగ్గేసింది.

మధ్యాహ్నం మేయర్ అడిగాడు. “ఊఁ, రుజువులు?”

“నా దగ్గరేం లేవు,” అంది వాల్‌బుర్గా.

“నా దగ్గరా లేవు,” అన్నాడు ఎకార్ట్ బల్లకేసి చూస్తూ.

మేయర్ తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

“ఏంటి, దొంగచూపులు చూస్తున్నారు? మా పాటే అసలుదని తెలిసిపోయిందా ఏం?” అంది వాల్‌బుర్గా.

“కలలు కనండి.”

“ఉండండి, వచ్చే గురువారం చెప్తా మీ పని!” అంటూ ఆమె కేకు మీద చాకు పెట్టింది.

ఎకార్ట్ పళ్ళెం ముందుకు జరిపాడు.

ఆ తీర్మానంలో గెలిచింది కొండ పాట.